రాత్రి డ్యూటీ

నవంబరు నెల. పొద్దు పొడిచి మూడు వారాలయింది.
కొండ నెత్తిన తెల్ల గుమ్మటాలు
మంచులో మొలిచిన పుట్టగొడుగుల్లా ఉంటాయి.
వాటి కింద రాత్రిపూట ఇద్దరమే:
తెరల ముందు గున్‌వోర్,
నేల తుడిచే నేను.

నా పేరు మలివన్. మాది ఖోన్ కేన్ అవతల
వరిచేల మధ్య ఊరు.
స్వాల్‌బార్డ్ దీవులకొచ్చి ఆరేళ్లు.
ఇక్కడా బూట్లు గుమ్మంలోనే విప్పేస్తారు,
అదొక్కటీ మా ఊరి మర్యాదే.

మొదటి వారంలోనే అడిగేశాను:
"అంత బరువు, అంత ఎత్తున,
పట్టుకున్నవాళ్లు లేరు, పడిపోదా?"
గున్‌వోర్ తెర మీంచి చూపు తిప్పలేదు.
"పడుతూనే ఉంది" అంది.
"మరి నేలకి తగలదేం?"
"నేల వంపు కదా.
అది పడినంత మేరా నేలా కిందికి ఒంగిపోతుంది."

ఆ రాత్రి ఒకే చోట ఎన్నిసార్లు తుడిచానో.
చేలో పిట్టల్ని తోలడానికి
వడిసెల తిప్పిన చెయ్యి నాది.
గట్టిగా విసిరితే రాయి దూరం పోయి పడుతుందని తెలుసు.
ఇంకెంత గట్టిగా విసిరితే
లోకమంతా చుట్టి
విసిరినవాడి వీపుకే వచ్చి తగులుతుందో
మా ఊళ్లో ఎవరూ లెక్కగట్టలేదు.

గానుగెద్దేమో అనుకున్నాను మొదట.
కాడేదీ? తోలేవాడేడీ?
తొలినాడు తోసిన తోపే, ఇప్పటికీ అదే నడక.

నూరు నిమిషాలకో చుట్టు, రోజుకి పద్నాలుగు.
దాని దారి అదే. కింద భూమే తిరుగుతూ
ఒక్కోసారి ఒక్కో దేశాన్ని దాని ముందుకి జరుపుతుంది.
మేం ధ్రువం పక్కింటివాళ్లం కాబట్టి
ప్రతి చుట్టుకీ మా గడప ముందు నుంచే పోవాలి.
మా ఊరి మీదికి రోజుకి నాలుగుసార్లొస్తే గొప్ప.

సూప్ తాగుతూ తోకచుక్క సంగతి చెప్పింది గున్‌వోర్.
డెబ్బై ఏళ్ల చుట్టులో
అరవైకి పైగా దూరాన, చీకట్లో, నత్తనడక.
సూర్యుడి చెంతకొస్తే మాత్రం కాలు నిలవదు,
నాలుగు నెలల్లో చుట్టేసి పరుగో పరుగు.
నాకు నవ్వొచ్చింది.
ఈ దీవి జనమూ అంతే,
వేసవి వెలుగులో ఒక్కరూ నిద్రపోరు.

చందమామ ఇప్పుడు అస్తమించడం మానేసింది.
వారంగా ఆకాశం అంచు వెంట
కాపలావాడిలా తిరుగుతోంది.
ఏడాదికి ఏడాదీ మన నుంచి జరిగిపోతోందట,
ఏడాదంతా కత్తిరించకుండా వదిలేసిన గోరంత.
విన్న రోజు నుంచీ
గోళ్లు తీసుకున్నప్పుడల్లా కిటికీలోంచి ఓసారి చూస్తాను.

ఇక ముసలిది, తేర్న.
పంతొమ్మిదేళ్లు సముద్రపు మంచు ఫొటోలు పంపింది.
ఇంధనం నిండుకుంది.
అంత పైనా కాస్త గాలి ఉంటుందట,
పీల్చడానికి చాలదు, రాసుకోవడానికి చాలు.
రాసుకుని రాసుకుని కిందికి జారుతోంది.
జారేది నెమ్మదిస్తుంది కదా అన్నాను.
"లేదు, దిగేకొద్దీ వేగం పెరుగుతుంది"
అని గున్‌వోర్ పెన్సిలు చెక్కుకుంది.
నిన్న పదకొండు సెకన్లు ముందొచ్చింది.
ఇవాళ నలభై.
ఆమె పుస్తకంలో అంకెలు
ఒకదాని మీదొకటి ఎక్కేస్తున్నాయి.

మంగళవారం మూడూ పన్నెండుకి రావాలి.
రాలేదు.
గుమ్మటం లోపల పళ్లెం మాత్రం
చెప్పిన వేళకి తల తిప్పింది,
ఉత్తరం అంచు నుంచి దక్షిణం అంచుదాకా
ఏమీ లేని దారిని మెల్లగా చూసుకుంటూ పోయింది.
ఆరు నిమిషాలు.
ఆపే మీట గున్‌వోర్ చేతి కిందే ఉంది.
నొక్కలేదు.

నేనూ తుడుపుకర్ర గోడకానించి నిలబడ్డాను.
ఎక్కడ కాలిందో, ఏ సముద్రం మీదో,
చూసినవాళ్లున్నారో లేదో.
పడటం నేర్చినది
చివరికి నేలని పట్టుకుంది అనుకున్నాను గానీ
పైకి అనలేదు.

"తర్వాతిది మూడూ నలభైకి" అంది గున్‌వోర్,
పుస్తకంలో అడ్డగీత గీసి.
బకెట్లో నీళ్లు నల్లబడ్డాయి.
మార్చుకురావడానికి లేచి వెళ్లాను.